రహీమ్ చదవని చరణం

ఎమ్మిగనూరు బజారులో అబ్దుల్ రహీమ్ కుట్టిన చొక్కా ఎవరికైనా చంకల్లో బిగుసుకోవాల్సిందే. అయినా గిరాకీకి లోటు లేదు, కొలతలు తీస్తూ అతను చెప్పే కబుర్లు అంత బాగుండేవి. మనిషి మంచివాడు. ఉన్న పిచ్చల్లా ఒక్కటే, కవిత్వం. ఉర్దూలో గజళ్లు రాసేవాడు. రాసేవాడని మర్యాదకు అంటున్నాను గానీ, మాటలు పోగేసేవాడు. ఆ సంగతి భార్య అజీమున్నీసాకు తెలుసు, పొరుగింటి ఇమాం సాబ్‌కు తెలుసు, లోలోపల రహీమ్‌కూ తెలుసు.

ఆ రోజుల్లో, డెబ్బైల చివర్లో, నెలకో ఆదివారం ఆదోనిలో పత్తి వ్యాపారి రంగనాథం శెట్టి మేడ మీద ఉర్దూ కవుల సభ, ముషాయిరా జరిగేది. కింద దూది గోడౌను, పైన కవులు. శెట్టికి ఉర్దూ రాయడం రాదు గానీ గజల్ అంటే చెవి కోసుకునేవాడు. దీపం ఎవరి ముందుకు వస్తే వాళ్లు చదవాలి. అది ఆరిపోకూడదని ఫ్యాన్లు ఆపేసేవారు. ఇంతమంది పెద్దమనుషులు పట్టపగలు చెమటలు కక్కుతూ దీపం చుట్టూ కూర్చోవడం చూసి హమాలీలు నవ్వేవారు. నవ్వరా మరి! ఏళ్ల తరబడి రహీమ్ చదివితే తలలు మర్యాదకు ఊగేవి, చేతులు టీ గ్లాసుల మీదికి పోయేవి.

ఇమాం సాబ్ తీరు వేరు. జిన్నింగ్ మిల్లులో దూది దుమ్ము మింగి మింగి దగ్గు తెచ్చుకున్న మనిషి. ఎప్పుడో గాని ఒక గజల్ కట్టడు, కట్టాడంటే రహీమ్ చేతిలో సూది ఆగిపోయేది. కానీ ఆ మేడ ఎక్కాలంటే ఆయనకు సిగ్గు. ఒకసారి రహీమ్‌ను పక్కన కూర్చోబెట్టుకుని కొత్త గజల్ ఒకటి నోటికి నేర్పాడు.

"ఈ దగ్గుతో నేను సదవలేనప్పా. నా బదులు నువ్వు సదువు. ఆఖర్న నా పేరుండాది కదా, అదొక్కటి వాళ్ల సెవిన పడితే సాలు."

గజల్ చివరి చరణంలో కవి తన కలం పేరు పెట్టుకోవడం ఆనవాయితీ. ఇమాం సాబ్ కలం పేరు సాబిర్.

దీపం రహీమ్ ముందుకు వచ్చింది. ఇది ఎవరిదో ముందే చెప్పాల్సింది, చివర పేరు వస్తుంది కదా అని ఊరుకున్నాడు. రెండో చరణానికే మళ్లీ చదవమని "ముకర్రర్, ముకర్రర్" అంటూ కేకలు. శెట్టి దిండు వదిలి ముందుకు జరిగాడు. రహీమ్‌కు జన్మలో ఎరగని సంతోషం. చివరి చరణం నాలుక దాకా వచ్చింది. మింగేసి, సలాం చేసి కూర్చున్నాడు. శెట్టి లేచివచ్చి తన శాలువా తీసి అతనికి కప్పాడు.

ఊళ్లో బస్సు దిగేసరికి ఇమాం సాబ్ అరుగు మీద ఎదురుచూస్తున్నాడు.

"నా పేరు రాంగానే ఏమన్నారప్పా?"

"మళ్లీ సదవమన్నారన్నా."

ముసలాయన ముఖం చూసి రహీమ్‌కు అక్కడే చచ్చిపోవాలనిపించింది. ఆ నెలంతా అన్నం సహించలేదు. కత్తెర పడితే గుడ్డ వంకర పోయేది. చెప్పేద్దామని రోజూ ఆ అరుగు దాకా పోవడం, టీ తాగి తిరిగి రావడం. అంత పిరికివాడు.

ఇక్కడ ఇమాం సాబ్‌కేమో ధైర్యం వచ్చింది. మళ్లీ ముషాయిరా నాటికి చొక్కా ఉతికించుకుని తయారయ్యాడు. "నేనూ వస్తా రహీమూ. దగ్గొస్తే దగ్గుకుంటా" అన్నాడు. ఎండలన్నాడు, బస్సులో రద్దీ అన్నాడు రహీమ్. వింటేనా!

మేడ ఎక్కుతూనే శెట్టి చేతులు చాచి ఎదురొచ్చాడు. "రహీమ్ సాబ్, పోయిన్నెల మీ గజల్ ఇంకా నా నోట్లోనే ఉండాది" అంటూ ఒక చరణం చదివాడు. ఇమాం సాబ్ రహీమ్ వైపు చూశాడు. కోపంగా కాదు, ఏదో తనకు సరిగ్గా అర్థం కాలేదన్నట్టు చూశాడు.

ఆ చూపు రహీమ్ భరించలేకపోయాడు. "అది నాది కాదు శెట్టీ. ఈ అన్నది. నేను దొంగను" అన్నాడు అందరి ముందూ.

శెట్టి "వాహ్! ఏం వినయమప్పా!" అన్నాడు. ఆ మేడ మీద తన కవిత్వం తనదని చెప్పుకున్న కవి ఒక్కడూ లేడు. అంతా పెద్దల భిక్ష అనడమే అక్కడి మర్యాద. రహీమ్ ఒట్లు పెట్టేకొద్దీ చప్పట్లు పెరిగాయి.

"పెద్దాయనా, మీరే సెప్పండి, నిజమేనా?" అని శెట్టి నవ్వుతూ అడిగాడు.

"మా రహీమ్‌కు నేనంటే ప్రేమ. అట్లనే అంటాడు" అని ఇమాం సాబ్ మెట్లు దిగిపోయాడు.

రహీమ్ బస్టాండు దాకా వెనకే పరుగెత్తాడు. బస్సులో పక్కన కూలబడి ఏడ్చాడు. "నాదేనని ఒక్క మాట ఎందుకు సెప్పలేదన్నా?"

"అది సెప్పే పని నీకిచ్చినాను కదప్పా" అన్నాడు ఇమాం సాబ్.

బస్సు కదిలింది. దారి పొడుగునా ఆయన దగ్గుతూనే ఉన్నాడు. వీపు నిమరడానికి రహీమ్‌కు చెయ్యి రాలేదు.