నాయనమ్మ పెట్టెలో తెల్లచీర

మా చిన్నప్పుడు రేపల్లెలో నాయనమ్మ ట్రంకుపెట్టె తెరిచిందంటే ఇల్లంతా కలరా ఉండల వాసన... అన్నిటికన్నా అడుగున ఒక తెల్లచీర. తనని సమాధి చేసే రోజున కట్టడానికి తనే కొని దాచుకుంది. ఏడాదికోసారి ఎండలో వేసి, మడతపెట్టి, మళ్ళీ లోపల పెట్టేది... ఊరెళ్ళడానికి బట్టలు సర్దుకున్నంత తేలిగ్గా.

నాకు ఆ చీరంటే ఒళ్ళు మంట. భయం కూడా. అది బయటికొస్తే నాయనమ్మ వెళ్ళిపోతుందని.

తాతయ్య పోయాక వేమూరు దాకా నాట్లకెళ్ళి పిల్లల్ని పెంచిన మనిషి. అప్పట్నుంచి వెలిసిపోయిన రంగులే కట్టేది. చర్చిలో ఎవరింట్లో పురుడొచ్చినా ముందు కబురు ఆవిడకే.

ఒక డిసెంబరులో జ్వరం పట్టుకుంది. డాక్టరుగారు పెదవి విరిచి, రావాల్సినవాళ్ళని పిలిపించుకోమన్నారు. బాపట్ల నుంచి అత్త బస్సులో, తెనాలి నుంచి బాబాయి పాసింజరు రైల్లో వచ్చారు. పాస్టరుగారు ప్రార్థన చేసి వెళ్ళారు. మంచం చుట్టూ ఏడుపులు...

అత్త కళ్ళు తుడుచుకుంటూ పెట్టె తెరిచింది. అడుగుదాకా తీసింది. చీర లేదు.

ఇక చూడండి... ఇంట్లో ఉండేది నువ్వేగా అని అత్త మా అమ్మ మీద పడింది. పోయిన పండక్కి పెట్టె సర్దిందెవరో గుర్తు తెచ్చుకోమంది అమ్మ. కొత్తది కొనుక్కొస్తానని బాబాయి చెప్పులేసుకున్నాడు. ఏడవడం అందరూ మర్చిపోయారు.

అప్పుడు మంచం మీంచి సన్నగా గొంతు.

"ఏంటే ఆ గోల... ఆ చీర పిల్లలకి గౌన్లు కుట్టించా."

క్రిస్మస్ నాటకంలో మా ఇంటి పిల్లలం ముగ్గురం దేవదూతలం. తెల్లగుడ్డ లేదని మా సండేస్కూలు టీచరమ్మ దిగులుపడుతుంటే, నాయనమ్మ ఆ చీర తీసుకెళ్ళి ఇచ్చేసిందట.

"మరి నీకేం కట్టాలమ్మా?" అంది అత్త, నెత్తి కొట్టుకుని.

"చీర లేకుండా ఎట్టా పోతాను? నాటకం చూడనియ్యండి ముందు."

బాబాయి చెప్పులు విప్పేశాడు. సాయంత్రానికి నాయనమ్మ గంజి అడిగి తాగింది. నాటకానికి రిక్షాలో వచ్చి ముందు వరసలో కూర్చుంది. నా రెక్క ఊడి కిందపడితే అందరికన్నా గట్టిగా నవ్వింది.

ఆ తర్వాత మా ఇంట్లోకి ఎవరూ తెల్లచీర తేలేదు. తేవద్దని ఎవరూ అనలేదు... తేలేదంతే. అత్తవైపు మునిమనవళ్ళకి నలుగుపెట్టి నీళ్ళుపోసేదాకా ఉంది నాయనమ్మ. ఒక ఉదయం కాఫీ తాగి, గ్లాసు కింద పెట్టి, కుర్చీలోనే వెళ్ళిపోయింది.

అప్పటికి నేను డిగ్రీలో ఉన్నా. మహిళా సంఘాల కరపత్రాలు చదివి చదివి, ఎవరు నోరెత్తినా వాదనకి దిగేదాన్ని. మొగుడు పోయినంత మాత్రాన రంగులు ఎందుకు వదులుకోవాలి? ఆ రూలు రాసిందెవరు? తెల్లచీర పట్టుకుని ఎవరొస్తారో చూద్దామని గుమ్మంలో అడ్డంగా నిలబడ్డా.

అత్త పెట్టె తెరిచింది. అన్నిటికన్నా పైనే ఉంది... తాతయ్య ఉన్నప్పుడు కట్టుకున్న ఆకుపచ్చ చీర.

"ఇదే కట్టమని ఎప్పుడో చెప్పిందే నాకు," అంది.

గుమ్మంలోంచి పక్కకి జరిగా. అంత కోపం ఎటు పోయిందో... హాయిగా ఏడ్చుకున్నా.

ఇప్పుడు మా ఇళ్ళనిండా బీరువాలే. అడుగున ఏముందో మాకే గుర్తుండదు... మీ ఇంట్లో పెద్దావిడ పెట్టె అడుగున ఏం దాచుకునేదో చెప్పండి. చివరికి అది ఎవరికి ఇచ్చేసిందో కూడా.