ఎండలోకి వెళ్ళిన బండి

బ్యాటరీల టీచరు ఒక్కసారి గుడ్లురిమి చూస్తే చాలు, చచ్చి మూలపడ్డ ఫ్యాను కూడా లేచి నిలబడి సెల్యూట్ కొడుతుంది. కాదనేవాళ్ళు దర్జీ కొట్టు పైనున్న ఆ గదికి వెళ్ళి రావచ్చు. ఆ చూపుకు బెదిరి మీ చేతి గడియారం ముల్లు పరుగులు తీస్తే మాత్రం పూచీ లేదు.

ఆ గదిలో ఆదివారాలు ఆడపిల్లలకు రోబోలు చేయడం నేర్పుతుంది టీచరు. కిటికీలెప్పుడూ మూసే ఉంటాయి. తెరిస్తే ఎదుటి టీకొట్టు దగ్గర కాళ్ళూపుకుంటూ కూర్చున్న మగమహారాజులు "అమ్మాయిలూ, మీ బొమ్మకారుకు లైసెన్సుందా" అని మొదలుపెడతారు. అందుకే ట్యూబులైటు, ఉక్కపోత, వైర్లు అతికించడానికి కరిగించిన సీసం వాసన. పిల్లలు కోడింగు చేస్తున్నంతసేపూ టీచరు చేతులు వెనక్కి కట్టుకునే తిరుగుతుంది. మోటారు పొగలు కక్కినా సరే, ముక్కు మీద దోమ కాపురం పెట్టినా సరే, చెయ్యి ముందుకు రాదు. చెడగొట్టినవాళ్ళే బాగుచేసుకోవాలి.

పిల్లల్లో సన్నగా ఉండేదాన్ని అందరూ పుల్ల అంటారు. వాళ్ళ నాన్న వ్యాను డ్రైవరు. కూతురికి ప్యాకింగు కంపెనీలో పని కుదిర్చాడు. టీచరు బతిమాలగా ఒక మాటకు ఒప్పుకున్నాడు: "ఆదివారం వచ్చి చూస్తా. బండి ఈ చివర్నుంచి ఆ చివరిదాకా పోయిందా, చదువుకోనీ. పోలేదా, సోమవారం పనిలోకి."

పుల్ల బండి అంటే ప్లాస్టిక్ డబ్బాకు రెండు చక్రాలు, అడుగున వెలుతురు కొలిచే ఒక కన్ను. తెల్ల షీటు మీద అంటించిన నల్లటేపు వెంట నడవాలి. అంతకుముందు ఎన్నిసార్లు వదిలినా పట్టాలెక్కిన రైలులా పోయింది.

ఆదివారం తల్లిదండ్రులతో గది కిక్కిరిసింది. పెద్దవాళ్ళు చెమటలు కక్కుతుంటే టీచరే కిటికీలు తెరిచింది. షీటుకు అడ్డంగా ఎండ పడింది. బండి సగందాకా బుద్ధిగా పోయి, ఎండలో అడుగుపెట్టగానే టేపు వదిలేసి, నేరుగా డ్రైవరు కుర్చీ కింద దూరింది.

"నన్ను గుర్తుపట్టిందే" అన్నాడాయన. అందరూ నవ్వారు.

టీచరుకు వెంటనే అర్థమైంది. వెలుతురు ఇంతకన్నా తక్కువగా తిరిగొస్తే అది నలుపు అని పుల్ల ట్యూబులైటు కింద కొలిచి కోడులో ఒక అంకె రాసింది. ఎండలో నల్లటేపు కూడా బండి కంటికి తెల్లగా మెరుస్తోంది. అంకె మార్చాలి, లేదా కిటికీ మూయాలి.

"అదేం చూస్తోందో చూడు" అంది టీచరు, చేతులు వెనకే ఉంచుకుని.

పుల్ల చూసింది బండిని కాదు, నాన్న మొహాన్ని. గబగబా వైర్లు పీకి మళ్ళీ గుచ్చి వదిలింది. బండి మళ్ళీ అక్కడే దారి తప్పింది.

డ్రైవరు లేచాడు. "చాలమ్మా, పద."

"ఇంకొక్కసారి నాన్నా."

"ఆవిడ చూడు, చేతులు కట్టుకుని ఎలా నిలబడిపోయిందో. టీచరమ్మకే చేతకానిది నీవల్ల ఏమవుతుంది తల్లీ?"

ఆ మాటలో వెక్కిరింత లేదు. జాలే ఉంది. టీచరు చేతులు విప్పి ముందుకు వచ్చేసరికి ఇద్దరూ మెట్లు దిగిపోయారు.

ఆ తర్వాత వీధి ఊరుకుంటుందా? పుల్ల కంపెనీలో అడుగుపెట్టిన వారానికే మొరాయించిన మిషన్‌ను చిటికెలో నడిపించిందని, యజమాని నోరెళ్ళబెట్టి ఏసీ గది ఇచ్చాడని, ఇప్పుడు మిషన్లన్నీ ఆ పిల్ల కనుసన్నల్లోనే తిరుగుతున్నాయని చెప్పుకున్నారు. కింది కొట్టు దర్జీ అదే కథకు ఇంకో రెండు మిషన్లు కలిపి టీచరుకు వినిపించాడు.

"అక్కడ మిషన్లేం లేవన్నా," అంది టీచరు. "అట్టపెట్టెలు మడుస్తోంది. నేను వెళ్ళి చూశాను. నన్ను చూసి తల తిప్పుకుంది."