మా లారీ నోరు మూసుకున్న పది రోజులు

మొన్న పొద్దున వీధిలో పట్ట పరిచి మిరపకాయలు తిరగేస్తుంటే పక్కింటివాళ్ళు కొత్తగా కొన్న బ్యాటరీ ఆటో వచ్చి నా వెనక జానెడు దూరంలో ఆగింది, ఆ ఇంటి కోడలు దిగి కాస్త పక్కకు జరగమని చెప్పేదాకా నాకు తెలియనే లేదు. నా చెవులు పోయాయనుకునేరు, పోలేదు, ఆ బండికే నోరు లేదు. ఇక ఆ పూటంతా నాకు పని మీద మనసు నిలవలేదు, మా లారీ కూడా ఒకప్పుడు పది రోజులు అట్లాగే నోరు మూసుకుని తిరిగింది గదా అని. నాకు సంతకం తప్ప రాయడం రాదు, నేను చెబుతుంటే మనవరాలు రాస్తున్నది, ఎక్కడన్నా మాట మోటుగా ఉంటే అది నాదే, పిల్లది కాదు.

మాది ఇందుకూరుపేట దగ్గర, సముద్రపు గాలి తగిలే ఊరు. మా ఆయన నాకు మేనత్త కొడుకు, పుట్టిల్లూ మెట్టినిల్లూ ఒకే ఊళ్ళో. పెళ్ళినాటికే ఆయనకు లారీ ఉండేది, పాతదే అయినా సొంతది, మైపాడు నుంచి ఐసుగడ్డల మధ్య చేపలు నింపుకొని సాయంత్రం బయలుదేరితే మద్రాసులో దించేసి మర్నాడు అన్నాల వేళకు ఇల్లు చేరేవాడు. మీలో లారీ ఉన్న ఇంట కాపురం చేసినవాళ్ళకు చెప్పనక్కరలేదు, వంద బండ్లు పోతున్నా మన బండి మోత మనకు తెలుస్తుంది. మా లారీ హోరు కింద సన్నగా టకటకమని ఒక చప్పుడు ఉండేది, సరుగుడు తోట దగ్గర మలుపులో గేరు మార్చినప్పుడు అది ఇంకా బాగా వినబడేది, అది విని నేను పులుసు పొయ్యి మీద పెడితే వేడెక్కేసరికి ఆయన కాళ్ళు కడుక్కొని పీట మీద కూర్చునేవాడు. మా అన్న కూడా లారీ తోలినవాడే. నా పెళ్ళికి ముందు ఒక మధ్యాహ్నం అన్న బండి ఆ మలుపు దాకా రానే లేదు, గూడూరు అవతల బోల్తా పడిందని పొద్దుగూకే వేళకు ఎవరో సైకిలు మీద వచ్చి చెప్పారు, అప్పటిదాకా మా అమ్మ కంచంలో అన్నం పెట్టి మూత వేసి కూర్చునే ఉంది. అందుకని ఆ టకటక నాకు వట్టి చప్పుడు కాదు, మనిషి ప్రాణాలతో వస్తున్నాడనే కబురు.

మా ఆయనకు మాత్రం అది పెద్ద అవమానం. ఈసారి ఎన్ని జాకెట్లు కుట్టుకొచ్చినావన్నా అని తోటి డ్రైవర్లు ఎగతాళి చేసేవాళ్ళు, లారీ చప్పుడు కుట్టుమిషను చప్పుడులాగా ఉందని. ఇంజన్ తల మీద మూత తీస్తే కొంగముక్కుల్లాగా వరసగా పన్నెండు ఇనుప చేతులుంటాయి, రాకర్లంటారు, ఒకటి లేస్తే ఒకటి వాలుతూ వాల్వులను తొక్కుతుంటాయి. రాకరుకూ వాల్వుకూ మధ్య పలచని బ్లేడు పట్టేంత సందు ఉండాలి. మా వాటి ముక్కులు అరిగి గుంటలు పడ్డాయి, బ్లేడు పెట్టి చూస్తే అది గుంట అంచుల మీద ఆనుకుని సరిగ్గానే ఉందన్నట్టు కనబడుతుంది, కింద సందు మాత్రం ఉండనే ఉంటుంది, ఇక చప్పుడు ఎట్లా పోతుంది. చివరికి ఆయన మద్రాసు నుంచి రోలరు రాకర్లు తెచ్చాడు, గుడ్డలో మూటగట్టి పసిబిడ్డలాగా ఒళ్ళో పెట్టుకొని. ముక్కు దగ్గర చిన్న చక్రం, అది రుద్దుకోదు, దొర్లుతుంది. వెనకవైపు మర, దాన్ని తిప్పి సందు ఎంత కావాలంటే అంత పెట్టుకోవచ్చు. కోవూరు నుంచి మేస్త్రీ వచ్చి మా వాకిట్లోనే బిగించాడు. మర తిప్పింది మేస్త్రీ, బ్లేడు ఆడించి బిగువు చెప్పింది నేను, చిన్నప్పటి నుంచి వలలు అల్లిన వేళ్ళు గదా. నీ వేళ్ళకు తెలిసింది నా కళ్ళకు తెలియలేదక్కా అని మేస్త్రీ మెచ్చుకున్నాడు, నేనూ మురిసిపోయాను. నా చేతులతో నేనేం పోగొట్టుకుంటున్నానో అప్పుడు తట్టలేదు.

మర్నాడు మధ్యాహ్నం నేను మలుపు వైపు చెవి పెట్టుకునే ఉన్నాను, రోడ్డు మీద హోరులు పోతున్నాయి, ఏదీ మాది అనిపించలేదు, వెనక్కి తిరిగితే ఆయన గుమ్మంలో నవ్వుతూ నిలబడి ఉన్నాడు, ఎట్టుంది మన బండి అని. బాగుందన్నాను. ఆ మురిపెం చూసి ఇంకేం అనగలను. అట్లా పది రోజులు. బండి ఎక్కిందగ్గర్నుంచి వచ్చేదాకా నాకు గుండెలో రాయి, పొయ్యి ఆర్పేసి మాటిమాటికీ రోడ్డు మీదికి పోయి నిలబడితే మా అత్త, ఎండలో ఏముందే అక్కడ అని గదిమేది. పదో రోజు ఆయన తిని పడుకున్నాక నేను బానెట్ ఎత్తి, మూత విప్పి, మూడో రాకరు మర వదులు చేసి పావు చుట్టు వెనక్కి తిప్పి మళ్ళీ బిగించేశాను. తప్పని తెలుసు, సందు ఎక్కువైతే రాకరు వాల్వును సుత్తిలాగా కొడుతుంది, దారిలో విరిగితే చేపలన్నీ కుళ్ళిపోతాయి. తెలిసే చేశాను.

మర్నాడు మలుపులో టకటక వినబడితే నాకు ఏడుపొచ్చింది. ఆయన దిగి నేరుగా వంటింట్లోకి వచ్చాడు, కాళ్ళు కూడా కడుక్కోలేదు.

"మూడోది నువ్వేనా తిప్పింది?"

"నేనే మావా."

"ఎందుకే?"

"నువ్వొచ్చేది నాకు తెలీడం లేదు."

మా అన్న పేరు ఒకసారి అన్నాడు, అంతే. ఆ సాయంత్రమే మేస్త్రీని పిలిపించి లారీని మలుపు దగ్గర నిలబెట్టి, నన్ను పొయ్యి దగ్గర కూర్చోబెట్టి, మా అత్తను మధ్యలో నిలబెట్టాడు. ఆయన మర కొంచెం బిగించి మూత వేసి ఇంజన్ లేపడం, నేను వినబడుతోందంటే మా అత్త కొంగు ఊపడం, మళ్ళీ ఇంజన్ ఆపి ఇంకాస్త బిగించడం. నా చెవికి అందీ అందనట్టు ఉన్నచోట ఆపేశాడు, వాల్వుకు దెబ్బ తగ్గాలి, నాకు కబురు అందాలి. బ్లేడు పెట్టకుండా పెళ్ళాం చెవి పెట్టి సందు చూసిన ఇంజన్ ఇదొక్కటేనని మేస్త్రీ తల కొట్టుకుంటే, "అది అట్టనే ఉండనీలే, మూడో వాల్వు అరిగితే ఇంకోటి ఏసుకుందాం" అన్నాడు మా ఆయన. నిజంగానే రెండుసార్లు వేసుకున్నాం. జాకెట్ల ఎగతాళి మళ్ళీ మొదలైతే ఆయన నవ్వేసి ఊరుకునేవాడు.

ఆయన జబ్బు చేసి పోయాక లారీని కావలి నుంచి వచ్చినవాళ్ళు కొనుక్కున్నారు. వాళ్ళ డ్రైవరు ఇంజన్ లేపి విని, ఒక రాకరు వదులుగా ఉందన్నాడు. ముసలివాడైపోయిన మేస్త్రీ నా వైపు చూశాడు. నేనే కొంగు దోపుకొని, ఇంజన్ చల్లారనిచ్చి, బ్లేడు పెట్టి మూడో రాకరు బిగించాను, మిగతా పదకొండింటితో సమానంగా. అది ఏ రోడ్డున పోతుందో, ఎప్పుడన్నా మా మలుపులో తిరిగితే ఆ చప్పుడు విని నేను లేచి పొయ్యి వెలిగిస్తానేమోనని భయం. బండి వెళ్ళిపోతుంటే మలుపులో నాకేమీ వినబడలేదు.

ఇప్పుడు మా కొడుకు ఎక్కడ బయలుదేరిందీ, ఎక్కడ టీ తాగిందీ, ఎన్ని నిమిషాల్లో వస్తున్నదీ కోడలికి ఫోనులోనే తెలిసిపోతుంది, మంచిదే, నాలాగా రోడ్డు మీద నిలబడే పని లేదు దానికి. కానీ మన కాలం ఆడవాళ్ళకు మలుపుకూ గుమ్మానికీ మధ్య ఒక కాసేపు ఉండేది, మనిషి ఇంకా రాలేదు, వచ్చేసినట్టే కూడా. నా కాపురంలో సుఖమంతా ఎక్కడుందని ఎవరన్నా అడిగితే నేను ఆ కాసేపే చూపిస్తాను.