పటంలో ఖాళీ గుండ్రం

ఊళ్ళో ఆమెను నెత్తురమ్మ అనేవాళ్ళు. బెంగుళూరులో నెత్తురు గ్రూపుల మీద పరిశోధన చేసే సైంటిస్టు. కోలారు జిల్లా నంగలి దగ్గరి మా పల్లెకు ఐసుపెట్టె, సూదులు, నోటుబుక్కు పట్టుకుని ఏటా జీపులో వచ్చేది. అందుకు కారణం నేనే. టమాటా బాక్సులు ఎక్కిస్తూ లారీ మీది నుంచి పడి తొడ విరగ్గొట్టుకున్నప్పుడు, తెచ్చిన ఏ నెత్తురు సంచీ నా నెత్తురుతో కలవలేదు. నాది బాంబే గ్రూపు అని ఆమె కనిపెట్టింది. మామూలు పరీక్షలో ఓ అని వస్తుంది, కానీ ఓ ఎక్కిస్తే ప్రాణం పోతుంది. నాలాంటివాళ్ళది మాత్రమే పడుతుంది. మొండివాణ్ణి, ఎక్కించకుండానే బతికాను.

నేను చేసుకున్నది మా అక్క కూతుర్ని. మా నాయనా అంతే. ఇట్లాంటి నెత్తురు ఇట్లాంటి ఇళ్ళలోనే ఎక్కువ బయటపడుతుందని ఆమె మా వంశాన్ని పటంగా గీసింది. మగవాళ్ళకు చదరాలు, ఆడవాళ్ళకు గుండ్రాలు. నా గ్రూపు తేలినవాళ్ళకు నలుపు నింపేది, కానివాళ్ళకు చుక్క పెట్టేది. మా కూతురు పాప గుండ్రం మిగిలింది.

"పాపను పిలువప్పా, చూస్తాను."

"పాప యాడుందమ్మా, అవ్వోళ్ళ ఊరికి పోయింది."

పాప మల్బరీ తోటలో ఉంది. పంపింది నేనే. ఆవని ఊరి వైపు సంబంధం మాట్లాడుతున్నాం. పిల్ల నెత్తురులో తేడా అన్న మాట బయటికి పోతే అంతటితో సరి. నేనొక్కణ్ణే కాదు, జీపు కనబడితే చాలు, పెళ్ళి కావలసిన పిల్లలంతా తోటల్లోకి పోయేవాళ్ళు.

మూడో ఏడు ఆమె మా గడప దగ్గర పాప చెప్పులు చూసింది.

"ఏమప్పా, అవ్వోళ్ళ ఊరికి ఉత్త కాళ్ళతో పోయిందా?"

నా భార్యకు నవ్వొచ్చింది. నాకు కోపం వచ్చింది. "మీకేమమ్మా, మీరు పుస్తకాలు రాసుకుంటారు. మా పిల్లను చేసుకునేది మీరా?"

"పుస్తకం సంగతి వదులు. రేపు కాన్పులో నెత్తురు పోతే యాడ తెస్తావు?"

"దేవుడుండాడు, పోమ్మా."

పోయింది. పెళ్ళి జరిగింది. కడుపుతో ఉన్నప్పుడు పాప ఫోన్ చేసింది. "నాయనా, నాది ఓ గ్రూపంట. యాడైనా దొరుకుతుందంట!"

నాకూ మొదట ఓ అనే రాశారు. ఆ మాట నోటిదాకా వచ్చింది. ఫోన్లో అల్లుడి గొంతు వినబడింది. మింగేశాను. "మంచిదమ్మా" అన్నాను.

కాన్పు కోలారులో. నేను బస్సు దిగి ఆసుపత్రి చేరేసరికి బిడ్డ పుట్టింది, పాపకు నెత్తురు ఆగడం లేదు. ఓ సంచులు ఒక్కటీ కలవలేదు. ఇంకో సంచి కోసం పోతున్న అల్లుణ్ణి చెయ్యి పట్టుకుని ఆపి, ఉన్నది చెప్పాను.

"ముందే తెలుసునా మామా?"

నర్సు ముందు చెయ్యి చాపాను. నెత్తురమ్మకు ఫోన్ పోయింది. ఆమె ఆ గ్రూపువాళ్ళ పట్టీ తీసి, నిద్రలో ఉన్నవాళ్ళను ఫోన్లో లేపుతూ, తనూ కారెక్కింది. నా దగ్గర ఒక సంచి తీశారు. పరీక్షలు ముగిసి అది పైకి వచ్చేసరికి పాప లేదు. ఆ సంచి ఎవరికీ అక్కరలేక, గడువు దాటాక పారేశారట. బిడ్డ అల్లుడి వాళ్ళ దగ్గర పెరుగుతోంది. నన్ను గడప తొక్కనివ్వరు.

అరవై దాటాక అక్షరాలు నేర్చుకున్నాను. పంచాయితీలో నేర్పింది కన్నడం, తెలుగు దాని వెంటే వచ్చింది. ఊళ్ళో ఇల్లిల్లూ తిరిగి పిల్లలకు పరీక్ష చేయించండని చెప్పాను. "నీ కూతురు పోయిందని మా పిల్లకు చెడ్డపేరు పెడతావా?" అని తలుపేసుకున్నారు.

పోయిన ఏడు నెత్తురమ్మకు రిటైర్మెంట్ అయింది. ఆ పనికి ఇంకొకరు రాలేదు. వెళ్ళే ముందు మా వంశం పటం జిరాక్సు తెచ్చి ఇచ్చింది. వేలు పెట్టి చదువుకున్నాను. నా చదరం నలుపు. పాప గుండ్రం ఖాళీ, దాని మీద ఏటవాలుగా ఒక గీత. గీత ఉంటే చనిపోయినట్టు. ఖాళీగా ఉంటే పరీక్ష చేయనట్టు.

"ఇప్పుడన్నా నింపమ్మా" అన్నాను.

"నేను వచ్చేలోగా పాప నుంచి పరీక్షకు తీసిన నెత్తురు పారేసినారప్పా. చూడనిదాన్ని ఎట్ల నింపేది?"

పెన్ను మూత పెట్టేసింది. "మీ ఊళ్ళో ఆడపిల్లల గుండ్రాలన్నీ ఇట్లనే ఖాళీగా ఉండాయి" అంది.