మేరీమాతకు మేస్త్రీ చీర

సూరత్ దగ్గరి జోల్వాలో నాకు సాంచె మీద బట్ట నేయడం నేర్పిన మేస్త్రీ ఏ బట్ట కనబడినా రెండు వేళ్ల మధ్య నలిపి చూసేవాడు. భార్యకు ప్రాణం మీదికొస్తే సూరత్ మేరీమాతకు చీర మొక్కాడు. ఆమె బతికింది. గుడిలో విగ్రహం మీది నీలి ముసుగునూ నలపబోయి, "ఇది రంగే గని బట్ట గాదురా" అని నాతో అంటూ తాను తెచ్చిన చీర కప్పాడు. మరుసటి వారం ఇంకో ఇద్దరు తెచ్చారు.

కొన్నేళ్లకు పండుగనాడు మైకులో గుడి చరిత్ర చెప్పారు. చీర పెట్టడం అనాదిగా వస్తున్న ఆచారమట!

"నువ్వే మొదలువెట్టినవని చెప్పు కాకా" అన్నాను.

మేస్త్రీ గబుక్కున నా నోరు మూశాడు. "జర ఊకోరా! నేను పెట్టింది పోగులు తెగిన డ్యామేజీ చీర. అమ్మకు ఎరుకైతే ఇచ్చిన పాణం వాపస్ తీస్కుంటది."