సేవ్ చేసిన తప్పుదారి

దూరాన ఉన్న రౌటర్‌లో నెట్ వెళ్లే దారి మార్చేటప్పుడు మా ఆఫీసులో అందరం ఒక జాగ్రత్త పాటిస్తాం. పది నిమిషాల తర్వాత దానంతట అదే ఆగి మళ్ళీ మొదలవ్వాలని ముందే చెప్పిపెడతాం. మనం దారి తప్పు రాసి సంబంధం తెగిపోయినా, సేవ్ చేయనిది మరిచిపోయి పది నిమిషాలకు అది పాత దారితోనే లేస్తుంది. కొత్త దారి పనిచేస్తోందని చూసుకున్నాకే సేవ్ చేయాలి. ఖమ్మంలో ఏళ్ల తరబడి ఇదే నా ఉద్యోగం. కొత్తగా చేరినవాళ్లకు ఈ సంగతి నేర్పేది కూడా నేనే.

ఆ రోజు భద్రాచలం అవతల, అడవి అంచున ఆన్‌లైన్ సెంటర్ నడిపే భాయ్ ఫోన్ చేశాడు. "సార్, నెట్ మస్తు స్లో ఉంది. నర్సింగ్ సీటు వచ్చిన పిల్ల ఒకామె పొద్దుగాల్నుంచి కూసుంది. సర్టిఫికెట్లు ఎక్కియ్యాలె, ఏలిముద్ర పెట్టాలె. సాయంత్రం అయిదు దాటితే సీటు పోతదట. జర జల్దీ చూడుండ్రి."

అక్కడికి కొత్త లైను వేసి వారమైంది. రౌటర్ మాత్రం ఇంకా అంతా పాత లైనులోకే పంపుతోంది. ఏ దారిన పంపాలో మేమే చేత్తో రాసిపెట్టాలి, దానంతటది వెతుక్కోదు. నోట్‌ప్యాడ్‌లో మూడు వరుసలు రాశాను. పాత దారి తీసెయ్, కొత్త దారి పెట్టు, సేవ్ చెయ్. పది నిమిషాల జాగ్రత్త కూడా పెట్టాను. మూడు వరుసలూ కలిపి ఒక్కసారే అతికించాను. స్క్రీను బిగుసుకుపోయింది. చూస్తే కొత్త దారి చిరునామాలో ఒక అంకె తప్పు కొట్టాను.

భయపడలేదు. "పది నిమిషాలు ఆగుండ్రి భాయ్, అదే వస్తది" అన్నాను.

"భద్రాచలం బస్సు వచ్చి నిలబడ్డది సార్. అక్కడి సెంటర్‌కు పంపియ్యాల్నా ఈమెను?"

"వద్దొద్దు, ఉండమను. ఆమె భద్రాచలంల బస్సు దిగేలోపే మీ దగ్గర పనైపోతది."

పది నిమిషాలు గడిచాయి. రౌటర్ ఆగి లేచిందని భాయ్ చెప్పాడు గానీ అది నాకు పలకలేదు. అప్పుడు నోట్‌ప్యాడ్ చూసుకున్నాను. మూడో వరుస. నా చేతులు పడిపోను, ఏం రాసినా చివర సేవ్ అని కొట్టే దిక్కుమాలిన అలవాటు! తప్పు దారినే దానికి కంఠతా పట్టించాను. ఇక వందసార్లు ఆపి లేపినా అదే చదువుతుంది.

"ఆమెను భద్రాచలం పంపనీకి ఆటో చూడుండ్రి భాయ్" అన్నాను.

"ఏడియి సార్? ఇయ్యాల అన్నీ సంతకు పోయినయ్. నా బండి సుత షెడ్డుల ఉన్నది. ఈడ ఫోన్ల మాటలే తప్ప నెట్ రాదాయె. మల్ల బస్సు సాయంత్రమే."

ఆ రౌటర్‌ను సరిచేయాలంటే దాని పక్కనే కూర్చుని ల్యాప్‌టాప్ నుంచి దానికి నీలం కేబుల్ పెట్టాలి. అది నా బ్యాగులో ఉంది, నేను ఖమ్మంలో ఉన్నాను. రెండింటికి కారు తీశాను. ఏన్కూరు దగ్గర వాన పట్టుకుంది. కొత్తగూడెం దాటేదాకా బొగ్గు లారీల వెనక దేకాను. "ఏడిదాంక వచ్చిర్రు సార్?" అని భాయ్ అడుగుతూనే ఉన్నాడు. కాసేపటికి ఫోన్ ఎత్తడానికి చెయ్యి రాలేదు. గోదావరి వంతెన మీదుండగానే అయిదు కొట్టింది. పోయి లాభం లేదు, వెనక్కి తిరగడానికి మొహం లేదు. ఏడుపొచ్చింది.

ఆ అమ్మాయి సర్టిఫికెట్ల కవరు ఒళ్లో పెట్టుకుని ఇంకా బల్ల మీదే ఉంది. వానలో తడుస్తూ లోపలికి పోయి, కేబుల్ పెట్టి, ఆ అంకె మార్చాను. నిమిషం పట్టలేదు. నెట్ పరుగెత్తింది. భాయ్ ఆత్రంగా పేజీ తెరిచాడు. గడువు ముగిసిందని వచ్చింది.

ఆమె ఆ వాక్యాన్ని రెండుసార్లు చదివింది. తర్వాత తడిసిన నా చొక్కా వైపు చూసింది.

"ఖమ్మం నుంచి గింత దూరం నా కోసమే వచ్చిర్రా సార్?"

నీ సీటు పోగొట్టింది నేనేనని చెప్పాలి. నోరు తెరిచాను కూడా.

"అవ్ బిడ్డా" అన్నాను.