డబ్లిన్‌లో దీనమ్మ సార్వా

దీనమ్మ పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు. నాలుగోది చేత్తో పట్టి చూపించినా "అది తోక లేవే" అంటుంది. ఆవిడా నేనూ ఒకే హాస్పిటల్లో నర్సులం, ఒకే చర్చి, ఒకే వీధికి ఆ చివరా ఈ చివరా ఇళ్ళు. ఇన్ని రకాలుగా ఇరుక్కుపోయాక తప్పించుకుని ఎక్కడికి పోతాను? అందుకని కాలిఫోర్నియాలో, డబ్లిన్ అనే ఊళ్ళో, పొట్టిగా కత్తిరించిన గడ్డి తప్ప ఇంకేం పెరగడం చూడని వీధిలో, పందొమ్మిది వందల ఎనభైలో ఆవిడ వరి వేసిన కథ నేనే చెప్పాలి. వాళ్ళాయన రత్నరాజు చెబుతానంటాడు గానీ, ఆయన ముందు ప్రార్థన చేద్దామంటాడు. ఇక ఆ ప్రార్థన అయ్యేదెప్పుడు, కథ మొదలయ్యేదెప్పుడు!

అంతా హార్మోనియం వల్ల వచ్చింది. మా తెలుగు చర్చికి సొంత బిల్డింగు లేదు. ఆదివారం అమెరికా వాళ్ళ ఆరాధన అయ్యాక మధ్యాహ్నం వాళ్ళ హాలు మాకిచ్చేవారు. వాళ్ళ పియానోతో మన కీర్తనలు పాడితే పప్పుచారులో పంచదార పోసినట్టుండేది. చూసి చూసి, పాలకొల్లు నుంచి ఓడ మీద ఒక హార్మోనియం తెప్పించుకున్నాం. పెట్టె విప్పితే చుట్టూ దట్టంగా వరిగడ్డి కుక్కి ఉంది. అందరూ హార్మోనియం మీద పడ్డారు. దీనమ్మ గడ్డి మీద పడింది. పట్టుచీరతో నేల మీద చతికిలబడి, పరక పరకా విదిలించి, నూర్చినప్పుడు రాలకుండా మిగిలిపోయిన గింజలు ఒక గుప్పెడు ఏరింది.

"లేవే బాబూ, చీర నలిగిపోతోంది. నలుగురూ చూస్తున్నారు," అన్నాను.

"చూడనీ. ఇవి మొలుస్తాయంటావా?" అంది, గుప్పిలి విప్పకుండా.

ఆ గుప్పిలి సంగతి చెప్పకపోతే ఆవిడకి పిచ్చనుకుంటారు. గోదావరి జిల్లాల్లో మన చర్చిల్లో కోతల పండగ చేస్తారు కదా. తొలి పంట తెచ్చి దేవుడి బల్ల మీద పెడతారు. వరి పనలు, గుమ్మడికాయలు, కాళ్ళు కట్టేసిన కోళ్ళు, పిల్లల గోల, మహా సందడిగా ఉంటుంది. దీనమ్మ వాళ్ళ పేటలో ఒక్కరికీ సెంటు భూమి లేదు. వాళ్ళమ్మ ఊడ్పులకి వెళ్ళేది, కోతలకి వెళ్ళేది, పంట మాత్రం కామందు ఇంటికి వెళ్ళేది. కోశాక చేలో రాలిపోయిన వెన్నుల్ని పరిగ అంటారు. ఆ పరిగ ఏరుకుని, కట్ట కట్టి, అదే తన పంటని పండక్కి పట్టుకెళ్ళేదావిడ. ఏరుకోవడానికైనా కామందు ఊఁ అనాలి. ఒక ఏడు ఆయనకి ఎందుకో కోపమొచ్చి ఊహూఁ అన్నాడు, చేలోకి గేదెల్ని తోలించేశాడు. ఆ పండక్కి వాళ్ళమ్మ ఉత్త చేతులతో వెళ్ళి, అందరి వెనకాల గోడకి ఆనుకుని నిలబడిందట. పక్కన చిన్నపిల్ల దీనమ్మ.

తర్వాత మిషన్ ఆస్పత్రిలో నర్సింగ్ చదివింది. అమెరికా వచ్చింది. ఎవరూ వద్దన్న నైట్ డ్యూటీలన్నీ నెత్తినేసుకుని, వెనక పెరడున్న ఇల్లు కొనుక్కుంది. ఇంటి తాళాలు చేతికొచ్చిన రోజు మేమంతా కిచెన్ చూసి మురిసిపోతుంటే, ఆవిడ పెరట్లో నిలబడి మట్టి చూసుకుంటోంది.

"ఒక్కసారి నా సొంత చేలో పండింది తీసుకెళ్ళి దేవుడి బల్ల మీద పెట్టాలే," అంది ఇప్పుడు హార్మోనియం పెట్టె పక్కన, ఆ గుప్పెడు గింజలూ చూపిస్తూ. "ఏరుకున్నది కాదు. ఒకళ్ళని అడిగింది కాదు. నాది."

మా చర్చిలోనూ కోతల పండగ ఉంది, నవంబర్‌లో, థాంక్స్‌గివింగ్ ముందు ఆదివారం. మేం పెట్టేవి సూపర్‌మార్కెట్ గుమ్మడికాయలు. కొందరైతే వాటి మీద స్టిక్కర్ కూడా పీకరు. అలాంటి పండక్కి ఇంత పట్టుదల ఎందుకని అడగబోయి, ఆవిడ మొహం చూసి, గింజలు మూట కట్టుకోమని నా రుమాలు ఇచ్చాను.

ఏప్రిల్లో పెరట్లో గడ్డంతా పెళ్ళగించి, గట్టు కట్టి, నవారు మంచమంత మడి చేసింది. నారు పోసింది, మొలిచింది. మే నెలాఖరున చీర కుచ్చెళ్ళు పైకి దోపి ఊడ్పులు మొదలుపెట్టింది. నారు ఊడ్చేవాళ్ళు వెనక్కి నడుస్తూ ఊడుస్తారు కదా, వెనక్కి అడుగేసినప్పుడల్లా కంచెకి తగిలి "అబ్బా" అనేది. గట్టు మీద నిలబడి సలహాలిస్తున్న నన్ను చెయ్యి పట్టి లోపలికి లాగేసింది. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అన్నారు పెద్దలు. తొక్కించుకున్నవాళ్ళ గతేమిటో చెప్పలేదు.

పెరట్లో నీళ్ళు నిలబెట్టారని ఎవరో ఫోన్ చేస్తే కౌంటీ దోమల ఆఫీసు నుంచి ఒకాయన వచ్చాడు. ఇంకేం, మడి పూడ్చేయమంటాడని దీనమ్మ హడలిపోయింది. ఆయన మడి చుట్టూ తిరిగి, వ్యాన్‌లోంచి ఒక బకెట్ తెచ్చి, దోమపిల్లల్ని తినే చిట్టి చేపలు నీళ్ళలో వదిలి, "నైస్ గ్రాస్" అని వెళ్ళిపోయాడు. ఆ మాట ఆవిడకి గుచ్చుకుంది. జులై వచ్చేసరికి నాకూ అదే అనుమానం వచ్చింది. పిలకలు బోలెడు, ఆకు నల్లగా నిగనిగలాడుతోంది, ఎత్తు నా నడుం దాకా వచ్చింది, వెన్ను మాత్రం జాడ లేదు.

ఆ రోజుల్లోనే రాధాకృష్ణ వచ్చాడు. డేవిస్ యూనివర్సిటీలో వరి మీద పీహెచ్‌డీ చేస్తున్న కరీంనగర్ వాడు. తెలుగు భోజనం ఎక్కడుందంటే అక్కడికి కారేసుకుని వచ్చేసే రకం. దీనమ్మ వండిన చేపల పులుసు తిని, చెయ్యి కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్ళినవాడు అక్కడే ఆగిపోయాడు.

"అక్కా, ఈ విత్తనం ఏడికెల్లి తెచ్చినవ్?"

హార్మోనియం కథ చెప్పాం. పెట్టె జనవరిలో కట్టారని విని నవ్వాడు.

"అయితే అది సార్వా గడ్డే, వానకాలం పంటది. మీ దిక్కు పాత సార్వా వరి రాత్రిని చూసుకుంటది. రాత్రి పొడుగైతేనే పొట్టకొస్తది, ఎన్ను తీస్తది. ఎండాకాలం కోసే దాళ్వా వరికి ఆ పట్టింపు లేదు. ఈడేమో ఎండాకాలం రాత్రి తొమ్మిది దాంక ఎలుగే. ఇంకా టైం కాలేదని ఇది ఊకనే కూసుంది."

గోదావరి నీళ్ళు తాగి పెరిగిన మా ఇద్దరికీ సార్వా ఎప్పుడు కోస్తారో తెలుసు, దాళ్వా ఎప్పుడు కోస్తారో తెలుసు. ఏరిన గింజలు ఏ పంటవో అడగాలని మాత్రం ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు. అక్కడ కార్తెలు వాటంతటవే వచ్చేవి, వరి దానంతటదే పొట్టకొచ్చేది.

"మరి ఎప్పటికొస్తుంది తమ్ముడూ?" అంది దీనమ్మ.

"ఇట్లనే వదిలేస్తే చలికాలమొస్తది గని గింజ రాదు."

ఆవిడ గట్టు మీద కూలబడింది. డ్యూటీలో ఎలాంటి కేసొచ్చినా రెప్ప వెయ్యని మనిషి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. రాధాకృష్ణ తిన్నది అరక్క ఇబ్బంది పడుతున్నవాడిలా అటూ ఇటూ తిరిగి, ఒక ఉపాయం చెప్పాడు. రాత్రి మనకి పొట్టిదైతే మనమే పొడుగు చెయ్యాలి. సాయంత్రం ఆరింటికి మడి మీద నల్లగుడ్డ కప్పి, పొద్దున్న ఎనిమిదింటికి తీస్తే, పిచ్చి మొక్క నవంబరనుకుని పొట్టకొస్తుందట. వాళ్ళ గ్రీన్‌హౌస్‌లో చేసే పనే అది.

రత్నరాజు ఆ వారమే చెక్కలతో చట్రం కొట్టి, నల్ల టార్పాలిన్ బిగించాడు. గుంటూరు టౌన్లో పుట్టిన డ్రాఫ్ట్స్‌మన్. వరి చెట్టెక్కి కోస్తారా అని అడిగే రకం గానీ, చట్రం మాత్రం పెళ్ళిపందిరిలా కుదిరింది. దీనమ్మకి సాయంత్రం డ్యూటీలు పడేవి, రత్నరాజు ఆఫీసు నుంచి వచ్చేసరికి ఏడయ్యేది, కాబట్టి చర్చి వాళ్ళం వంతులేసుకున్నాం. మా పాస్టరు దైవాశీర్వాదం అయ్యగారు ఆదివారం ప్రకటనల్లో "ఈ మంగళవారం వరికి దుప్పటి కప్పువారు విమలకుమారి గారు" అని చదివేవారు. విమలకుమారి అంటే నేనే. నా సొంత పిల్లల్ని ఏనాడూ అంత టైముకి పడుకోబెట్టలేదు నేను.

ఆగస్టు మధ్యలో రాధాకృష్ణ మళ్ళీ వచ్చాడు. ఒక పిలక కోసి, బ్లేడుతో నిలువునా చీరి, లోపల చూసి మొహం చిట్లించాడు. చిన్న వెన్ను కూడా లేదు.

"రాత్రిపూట ఎవరన్న తీస్తున్నరా దీన్ని?"

"ఎవరు తీస్తారు?" అంది దీనమ్మ.

రత్నరాజు గొంతు సవరించుకున్నాడు. "నేను... పూర్తిగా కాదు, ఒక పక్క ఎత్తి..." అన్నాడు. ఏం జరిగిందంటే, మహానుభావుడు రోజూ అందరూ పడుకున్నాక క్యాంపింగ్ లాంతరు పట్టుకుని పెరట్లోకి వెళ్ళి, టార్పాలిన్ ఎత్తి, మోకాళ్ళూని, ఆకుల మీద చెయ్యేసి అరగంట ప్రార్థన చేస్తున్నాడు. కళ్ళు మూసుకునే చేశాడట. లాంతరు మాత్రం మూసుకోలేదు కదా! మధ్యలో అంత వెలుగు తగిలితే మొక్క ఒక పెద్ద రాత్రిని రెండు చిన్న రాత్రులనుకుంటుందని రాధాకృష్ణ చెప్పాడు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటే ఇదే మరి.

"ప్రార్థన చెయ్యడం కూడా తప్పేనా?" అన్నాడు రత్నరాజు.

"ప్రార్థన తప్పు గాదు బావా, లాంతరుతోనే లొల్లి."

నాకు నవ్వాగలేదు. దీనమ్మ నవ్వలేదు. లోపలికి వెళ్ళి ధడాలున తలుపేసుకుంది. ఆ వారమంతా ఆయనతో మాటల్లేవు, కంచం మాత్రం ఠంగుమని ముందు పెట్టేది. చివరికి నేనే కల్పించుకుని, "అన్నయ్యా, అర్ధరాత్రి ఆ పనేంటి మీకు? ఇంట్లో చేస్తే దేవుడికి వినపడదా?" అని కడిగేశాను.

"ఆ రోజు గట్టు మీద దీన ఏడవడం చూశానమ్మా," అన్నాడాయన. "పెళ్ళైన ఇన్నేళ్ళలో ఎప్పుడూ చూడలేదు. వ్యవసాయం నాకు రాదు. వచ్చిందొక్కటే చేశాను."

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది. దీనమ్మ బయటికొచ్చి ఆయన పక్కన కూర్చుని, "రేపట్నుంచి పగలు చెయ్యండి. నేనూ వస్తాను," అంది. నాకు కాఫీ ఇస్తారేమోనని కాసేపు చూసి, ఇద్దరికీ నేనున్నట్టే గుర్తులేదని అర్థమై లేచి వచ్చేశాను.

సెప్టెంబర్‌లో పిలకల నడుములు ఉబ్బాయి. పొట్టతో ఉన్న వరిని చూసి రత్నరాజు అడుగుల చప్పుడు కాకుండా నడిచేవాడు. అక్టోబర్ మొదట్లో వెన్నులు పైకొచ్చాయి. సన్నటి తెల్ల పూత చూసి దీనమ్మ నాకు హాస్పిటల్ ఫోన్‌కే ఫోన్ చేసింది, ఎమర్జెన్సీ అని చెప్పి! తర్వాత చలి దెబ్బ కొట్టింది. సగానికి పైగా తాలే, నొక్కితే పొట్టు తప్ప లోపల ఏమీ లేదు. కానీ టార్పాలిన్ కింది వెచ్చదనానికి కొన్ని వెన్నులు గింజ పట్టాయి, బరువుకి తలవంచాయి. నవంబర్‌కి బంగారు రంగు తిరిగాయి.

కోతల పండగ రోజు దీనమ్మ ఆ వెన్నుల్ని కూరగాయల కత్తితో కోసి, చిన్న కట్ట కట్టి తెచ్చింది. పిడికిట్లో ఇమిడిపోయేంత కట్ట. హార్మోనియం మోగుతుంటే స్టిక్కర్లున్న గుమ్మడికాయల మధ్య నుంచి నడుచుకుంటూ వెళ్ళి, బల్ల మీద పెట్టి, కాసేపు చెయ్యి తియ్యకుండా నిలబడింది. రత్నరాజు వెక్కి వెక్కి ఏడ్చాడు. దీనమ్మ ఏడవలేదు. తల ఎత్తుకుని వెనక్కి తిరిగింది. సగం దూరం వచ్చి, ఏదో మర్చిపోయినట్టు ఆగిపోయింది. గబగబా వెనక్కి వెళ్ళి, బల్ల మీది కట్టలోంచి నిండు వెన్ను ఒకటి చూసి దూసి, ఆ గింజలు కొంగున ముడి వేసుకుంది.

మైకు ముందు అయ్యగారు నిర్ఘాంతపోయారు. "ఇదేంటమ్మా దీనమ్మా, దేవుడికిచ్చింది మళ్ళీ తీసుకుంటున్నావు?"

హాలంతా గొల్లుమంది. నేనూ నవ్వాను.

"విత్తనానికండి అయ్యగారూ," అంది దీనమ్మ. "మొత్తం ఇచ్చేస్తే వచ్చే ఏడు ఏం వెయ్యనండి?"

నా నవ్వు అక్కడే ఆగిపోయింది. ముందే ఇంట్లో తీసి ఉంచుకోవచ్చు కదా అంటారేమో. ఆవిడకి తట్టలేదు. వాళ్ళమ్మ, వాళ్ళమ్మమ్మ, జన్మంతా వరిలో బతికి కూడా ఒక్క ఏడూ విత్తనం దాచుకున్నవాళ్ళు కాదు. దాచుకుని ఎక్కడ వేస్తారు?

ఆవిడ వచ్చి నా పక్కన కూర్చుంది. నేను కళ్ళు తుడుచుకుంటూ, "ఈసారైనా దాళ్వా విత్తనం సంపాదించుకోవే తల్లీ, ఆ దుప్పట్లు కప్పలేక చచ్చాం," అన్నాను.

"ఎక్కడిదో నాకెందుకే," అంది దీనమ్మ, కొంగు ముడి గట్టిగా బిగిస్తూ. "నా విత్తనం నాకుండగా."